స్పీకర్ వైరు, ఆర్‌సీఏ కేబుల్: ఇంట్లోనే చేసుకునే పద్ధతి

ఇంట్లో ఆడియో సిస్టమ్‌కి ముఖ్యంగా కావలసినవి రెండు రకాల కేబుళ్లు: యాంప్ (యాంప్లిఫయర్) నుంచి స్పీకర్‌కి పోయేది, ప్లేయర్ నుంచి యాంప్‌కి వచ్చే ఆర్‌సీఏ (మధ్యలో పిన్ను, చుట్టూ రింగు ఉండే ప్లగ్గులది). మొదటిదానికి తీగ మందం ప్రాణం, రెండోదానికి టంకం. వెండి పూత, ప్రత్యేకమైన రాగి అంటూ డబ్బు పోసే ముందు ఈ రెండూ కుదిరాయో లేదో చూసుకోండి.

స్పీకర్ వైరు లెక్క సులువే. 1.5 చదరపు మి.మీ. రాగి పోగుల వైరుకి మీటరుకు దాదాపు 13 మిల్లీఓముల రెసిస్టెన్స్ (కరెంటుకి తీగ చేసే అడ్డు), 2.5 దానికి 8. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి దూరాన్ని రెట్టింపు చేసి లెక్కేయాలి. మొత్తం రెసిస్టెన్స్ స్పీకర్ ఇంపిడెన్స్‌లో (స్పీకర్ మీద రాసి ఉండే ఓముల అంకెలో) 5 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. అంటే 8 ఓముల స్పీకర్‌కి 0.4 ఓము, 4 ఓములదానికి 0.2. 5 మీటర్ల దూరానికి 1.5 వైరు 0.13 ఓము చూపిస్తుంది, రెండింటికీ సరిపోతుంది. అదే 10 మీటర్ల దూరం, 4 ఓముల స్పీకర్ అయితే 0.26కి పోతుంది. అక్కడ 2.5 వేయాల్సిందే.

కొనేటప్పుడు ఒక్క పోగుని చాకుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. దాని రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు ఎక్కువ, పూత చెరిగిన చోట టంకం అంటుకోదు.

చివర 10 నుంచి 12 మి.మీ. ఇన్సులేషన్ ఒలిచి, పోగులు తెగకుండా గట్టిగా మెలిపెట్టి, 4 మి.మీ. బనానా ప్లగ్గులో పెట్టి స్క్రూ బిగించండి. స్క్రూ కింద పెట్టే తీగకి టంకం పూయవద్దు. టంకం మెత్తటి లోహం. ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోయి, కొన్నాళ్లకి స్క్రూ వదులవుతుంది. పక్క టెర్మినల్‌కి ఒక్క పోగు తగిలినా షార్టే. మంచి యాంప్ అయితే ఆగిపోతుంది, లేదంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి.

ప్లస్, మైనస్ తారుమారు కాలేదని తేల్చుకోవాలంటే, కేబుల్‌ని యాంప్ నుంచి తీసేసి, ఆ చివర 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కి ప్లస్ తగిలితే వూఫర్ కోన్ ముందుకు రావాలి. ఒక స్పీకర్ మాత్రమే తిరగబడితే బాస్ పల్చబడి, పాడేవాళ్లు మధ్యలో నిలబడినట్టు వినిపించరు.

ఆర్‌సీఏకి వద్దాం. అసలు పని ఇక్కడే. కేబుల్‌కి మైక్‌లకి వాడే రెండు కోర్ల (లోపలి తీగల) షీల్డెడ్ వైరు, అంటే చుట్టూ లోహపు అల్లిక ఉండేది, బాగుంటుంది, మెత్తగా వంగుతుంది. చాలావరకు దాని లావు 6 మి.మీ. చుట్టూ ఉంటుంది, ప్లగ్గు వెనక రంధ్రంలో పడుతుందో లేదో ముందే చూడండి. ఒక కోరు మధ్య పిన్నుకి, రెండోది బయటి రింగుకి, రెండు చివరలా. షీల్డ్‌ని ప్లేయర్ వైపు మాత్రమే రింగుకి కలపాలి. యాంప్ వైపు కత్తిరించి, దాని మీద హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం) వేసి, ఏ చివర ఏదో కేబుల్ మీద గుర్తు వేసుకోండి. ఒకే కోరున్న కోయాక్స్ వాడితే మాత్రం షీల్డే తిరుగు దారి, రెండు వైపులా అతికించాలి. ఇది మరిచిపోతే పాట బదులు గుయ్యిమనే మోత వస్తుంది.

టంకం మొదలుపెట్టే ముందే ప్లగ్గు మూత, స్ప్రింగు, హీట్‌ష్రింక్ ముక్క కేబుల్ మీదికి ఎక్కించండి. అతుకు చక్కగా కుదిరాక మూత బల్ల మీదే ఉండిపోయిందని చూసుకోని వాళ్లు అరుదు.

బయటి తొడుగు 15 మి.మీ. ఒలవండి. షీల్డ్ అల్లికని సూదితో విడదీసి ఒకే తీగలా మెలిపెట్టండి. కోర్లకి 4 మి.మీ. చొప్పున ఒలిచి, వాటికీ ప్లగ్గు లగ్గులకీ (తీగ అతికించే రేకులకీ) విడివిడిగా ముందే టంకం పూయండి. 60/40 తగరం-సీసం టంకం, లోపల రోసిన్ ఫ్లక్స్ (టంకం అంటుకునేలా చేసే జిగురు) ఉన్నది, ఐరన్ 350 డిగ్రీల దగ్గర. పైపులకి వాడే యాసిడ్ ఫ్లక్స్ తాకించవద్దు, తీగని తినేస్తుంది. ప్లగ్గుని పాత ఆర్‌సీఏ సాకెట్‌లో గుచ్చి పట్టుకుంటే, వేడికి ప్లాస్టిక్ మెత్తబడినా పిన్ను పక్కకి ఒరగదు.

మధ్య పిన్ను ముందు, 2, 3 సెకన్లలో తేల్చేయండి. రింగు లగ్గు లావుగా ఉంటుంది, వేడి మింగేస్తుంది. పూత నున్నగా ఉంటే ఆకురాయితో కొంచెం గరుకు చేసి, వెడల్పు బిట్టు వాడండి. చల్లారేదాకా కదపకూడదు. కదిలితే అతుకు మసకగా, రవ్వలా కనిపిస్తుంది. దాన్ని కొత్త ఫ్లక్స్‌తో మళ్లీ కరిగించండి. చివరగా క్లాంపు బయటి తొడుగుని పట్టుకునేలా నొక్కండి. లేదంటే లాగినప్పుడల్లా బరువంతా టంకం మీదే పడుతుంది.

మల్టీమీటర్‌తో పిన్నుకి పిన్ను, రింగుకి రింగు చూడండి. ప్రోబులు ఒకదానికొకటి తాకించినప్పుడు వచ్చే రీడింగుని తీసేస్తే దాదాపు సున్నా రావాలి. పిన్నుకీ రింగుకీ మధ్య ఓపెన్ చూపించాలి. షార్ట్ చూపిస్తే, కోరు ఇన్సులేషన్ కరిగి షీల్డ్‌కి తగిలి ఉంటుంది. ఫోమ్ ఇన్సులేషన్ అయితే ఇంకా తొందరగా కరుగుతుంది. ప్లగ్గు దగ్గర కేబుల్‌ని వంచుతూ మళ్లీ చూడండి. సగం పట్టిన అతుకులు అప్పుడే బయటపడతాయి.

టర్న్‌టేబుల్‌కి మాత్రం ఈ రెండు కోర్ల పద్ధతి వద్దు. దాని కెపాసిటెన్స్ (తీగల మధ్య చార్జి నిలిచే గుణం, పికోఫారడ్లలో కొలుస్తారు) ఎక్కువ. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లు (రికార్డు మీద నడిచే సూది ఉండే భాగంలో మామూలు రకం) చాలావరకు కేబుల్, ఫోనో ఇన్‌పుట్ (యాంప్‌లో టర్న్‌టేబుల్ తగిలించే చోటు) అన్నీ కలిపి 100 నుంచి 300 పికోఫారడ్లు చాలంటాయి. మీటరుకు 55 పికోఫారడ్ల దరిదాపుల్లో ఉండే ఫోమ్ కోయాక్స్‌తో, వీలైనంత పొట్టిగా చేసుకోండి.

తగిలించేటప్పుడు యాంప్ ఆపేయండి. ఆర్‌సీఏలో పిన్ను ముందు తగులుతుంది, గ్రౌండ్ తర్వాత. ఆ మధ్యలో వచ్చే మోత స్పీకర్‌ని దెబ్బతీయొచ్చు.