సిస్టు నీరు ల్యాబుకు వస్తే నేను చేసే పని

అండాశయపు సిస్టు (తిత్తి) నీటిలో మార్కర్లు, అంటే తిత్తి రకాన్ని సూచించే పదార్థాలు, చూసేది అది క్యాన్సరా కాదా అని తేల్చడానికి కాదు. తిత్తి లోపలి పొర ఎలాంటిదో తెలుసుకోవడానికి. నెలనెలా అండంతో ఎదిగే చిన్న సంచి, అంటే ఫాలికిల్, నీరు పట్టి ఉబ్బిందా, పొర కణాలే పెరిగి కణితి కట్టిందా అన్నంత వరకే ఆ నీరు చెబుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

ముందు నమూనా ఎలా తీశారో అడగండి. స్కానింగ్‌లో గట్టి భాగాలో, లోపలి గోడ మీద మొలకలో కనిపించిన తిత్తికి సూది గుచ్చకూడదు. అందులో క్యాన్సర్ ఉండి, ఆపరేషన్‌లో తిత్తి పగిలి నీరు చిందితే ఒక్క అండాశయంలోనే ఉన్న 1ఏ దశ కాస్తా అంతకంటే పై దశ 1సీ అవుతుంది. తిత్తిని పగలకుండా బయటికి తీశాక బల్ల మీద తీసిన నీరే నాకు ఇష్టం.

రంగు, చిక్కదనం రాసుకుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. అడుగున దిగింది కణాల పరీక్షకు, పైన తేరింది మార్కర్లకు. కణాలు కనిపించలేదంటే క్యాన్సర్ లేదని కాదు. జిగురు నీరైతే పిపెట్ మూతి పూడుకుపోతుంది, ముందే పలుచన చేయాలి.

మొదట ఈస్ట్రడయాల్ అనే స్త్రీ హార్మోన్. ఫాలికిల్ సిస్టులో ఇది రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది, పొర కణాలు వదిలే సీఏ 125 అనే ప్రోటీన్ తక్కువగా ఉంటుంది. ఈ జోడీ కుదిరితే మనసు కుదుటపడుతుంది. ఈస్ట్రడయాల్ తక్కువైనంత మాత్రాన కణితి అనేయకండి, పాతబడిన ఫాలికిల్ సిస్టులో హార్మోన్ చేసే కణాలు రాలిపోయి ఉండవచ్చు. సీఈఏ అనే ఇంకో ప్రోటీన్ మార్కర్ బాగా పెరిగితే జిగురు స్రవించే పొరను అనుమానిస్తాను.

చిక్కంతా సీఏ 125తోనే. రక్తానికి వాడే 35 యూనిట్ల హద్దు ఇక్కడ పనికిరాదు. పలుచని నీరుండే హానిలేని సీరస్ తిత్తిలోనూ, పాతరక్తం నిండి చాక్లెట్ రంగులో ఉండే ఎండోమెట్రియోసిస్ తిత్తిలోనూ ఇది వేలల్లో ఉండవచ్చు. ఇంకో మోసమూ ఉంది. ఒకసారి చాక్లెట్ రంగు నీటికి యంత్రం తొంభై చిల్లర చూపించింది. సంతకం పెట్టబోయి ఆగాను, ఆ రంగుకు ఆ అంకె అతకలేదు. నూరు రెట్లు పలుచన చేస్తే వేలల్లోకి ఎగబాకింది. పదార్థం మరీ ఎక్కువైతే పరీక్షలో దాన్ని పట్టుకోవడానికి వాడే రెండు యాంటీబాడీల మధ్య ఇరుక్కోవలసింది పోయి దేనికది విడిగా అంటుకుంటుంది, యంత్రం తక్కువ చూపిస్తుంది. అందుకే రెండు వేర్వేరు పలుచనల్లో చేసి, హెచ్చవేశాక రెండూ కలిస్తేనే అంకె రాస్తాను.

రిపోర్టులో ‘హానిలేనిది’ అన్న మాట మాత్రం రాయను. ‘ఫాలికిల్ సిస్టుకు సరిపోతున్నది’ లేదా ‘పొర కణాల తిత్తి కావచ్చు, కణజాల పరీక్షతో సరిచూడాలి’ అని రాసి, కింద ఎన్ని రెట్లు పలుచన చేశానో వేస్తాను.