మైనస్ 30లో కారు బ్యాటరీ ఛార్జింగ్: కొత్తగా వచ్చినవాళ్లకు

కెనడాలో విన్నిపెగ్, సస్కటూన్, ఎడ్మంటన్ లాంటి ఊళ్లకు కొత్తగా వచ్చి సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్నవాళ్లను నవంబరు నుంచి మార్చి దాకా ఎక్కువగా ఏడిపించేది బ్యాటరీయే. మన ఊళ్లలో బ్యాటరీ డౌన్ అయితే నలుగురు తోస్తే బండి అందుకునేది. ఇక్కడ దొరికే కార్లు దాదాపు అన్నీ ఆటోమేటిక్, తోసి స్టార్ట్ చేయడం కుదరదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాటరీ ఇవ్వగలిగే కరెంటు సుమారు సగానికి పడిపోతుంది. ఆ చలికే ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది కాబట్టి స్టార్టర్ మోటారు మామూలుకంటే ఎక్కువ కరెంటు అడుగుతుంది. అందుకే మీకంటూ ఒక ఛార్జర్ ఉండాలి, దాన్ని ఏ వరసలో తగిలించాలో తెలిసుండాలి.

ఇక్కడి కార్ల ముందు గ్రిల్ లోంచి ఒక ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది. అది బ్లాక్ హీటర్ది. ఇంజిన్‌ను వెచ్చగా ఉంచడమే దాని పని, బ్యాటరీని ఛార్జ్ చేయదు. రాత్రంతా ప్లగ్ పెట్టినా పొద్దున బ్యాటరీ డౌన్ అయి ఉండటానికి కారణం ఇదే.

ఛార్జర్‌ను ఇండియా నుంచి తెచ్చుకోవద్దు. అక్కడివి 230 వోల్టులకు చేసినవి, ఇక్కడ గోడలో వచ్చేది 120. ఇక్కడే సీఎస్‌ఏ (కెనడా భద్రతా ధ్రువీకరణ) గుర్తున్న స్మార్ట్ ఛార్జర్ కొనండి, ఇంటి వాడకానికి 4 నుంచి 10 ఆంపియర్లది చాలు. కొనేముందు బానెట్ ఎత్తి బ్యాటరీ మీది లేబుల్ చదవండి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్లీ అందుకునే కార్లలో సాధారణంగా ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ రకం ఉంటుంది, రెండూ లెడ్ యాసిడ్‌లో రకాలే. ఛార్జర్‌లో ఏజీఎం మోడ్ ఉంటే ఏజీఎంకు దాన్నే వాడాలి. లిథియం మోడ్‌ను మాత్రం మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఎప్పుడూ పెట్టకండి. 6 వోల్టులు, 12 వోల్టులు అని స్విచ్ ఉంటే 12 మీద ఉందో లేదో చూసుకోండి.

ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోవచ్చు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగం దిగితే 30 వెనక్కి పోయాలి, నష్టాలు కలిపితే 36 అనుకోండి. 4 ఆంపియర్ల ఛార్జర్‌తో 9 గంటలు, అంటే ఒక రాత్రి. చల్లబడ్డ బ్యాటరీ ఛార్జ్‌ను నెమ్మదిగా తీసుకుంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కొన్ని ఛార్జర్ల మీద 50, 75 ఆంపియర్ల ఇంజిన్ స్టార్ట్ మోడ్ ఉంటుంది. అది స్టార్టర్‌కు కొన్ని సెకన్ల సాయానికే, దానితో ఛార్జింగ్ చేయకూడదు.

ఛార్జర్ తగిలించే ముందు బ్యాటరీ గడ్డకట్టిందేమో చూడాలి. అన్నిటికంటే ప్రమాదం ఇక్కడే ఉంది. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీలోని ద్రవం మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయినది మాత్రం మైనస్ 10 లోపే గడ్డకట్టొచ్చు, ఎందుకంటే డిశ్చార్జ్ అవుతున్నకొద్దీ ఆసిడ్ పలుచబడి నీళ్లకు దగ్గరవుతుంది. పక్కగోడలు ఉబ్బి ఉన్నా, డబ్బాకు సన్నని పగులు కనిపించినా, మూతలున్న రకంలో లోపల మంచు కనిపించినా దాన్ని ఛార్జ్ చేయొద్దు, జంప్ స్టార్ట్ (వేరే బ్యాటరీ సాయంతో స్టార్ట్ చేయడం) కూడా ఇవ్వొద్దు. లోపల పుట్టే వాయువుకు దారి మూసుకుపోయి బ్యాటరీ పేలొచ్చు. విప్పి, గాలి ఆడే వెచ్చని చోట ఒక పూర్తి రోజు ఉంచి, కరిగాక పగుళ్లు వెతకండి. పగులుంటే దాన్ని ఇక వాడకూడదు. పగులు లేకపోయినా అలాంటి బ్యాటరీని నమ్ముకుని చలికాలం గడపడం మంచిది కాదు.

ఛార్జింగ్ జరిగేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. గరాజ్‌లో చేస్తుంటే తలుపు కొంచెం ఎత్తి ఉంచండి, దగ్గర్లో సిగరెట్ వద్దు. ఇక్కడి చలికాలం గాలి పొడిగా ఉంటుంది, దళసరి జాకెట్ తీస్తే చిటపటమంటుంది. ఆ రవ్వ కూడా రవ్వే. వంగేముందు బ్యాటరీకి దూరంగా కారు లోహాన్ని ఒకసారి ముట్టుకోండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. మెడలో గొలుసో నల్లపూసలో ఉంటే తీసి పక్కన పెట్టండి లేదా చొక్కా లోపలికి గట్టిగా దోపుకోండి. ప్లస్ టెర్మినల్‌కూ కారు బాడీకీ మధ్య ఉంగరం పడితే క్షణంలో కాలి ఎర్రబడుతుంది, వేలు పోతుంది. కళ్లకు రక్షణ అద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

ఇక తగిలించే వరస. కారు ఆఫ్ చేసి లైట్లు, బ్లోయర్ అన్నీ ఆపండి. ఛార్జర్ గోడ ప్లగ్గులో ఉండకూడదు. ప్లస్ ఏదో తేల్చుకోవడానికి వైరు రంగును నమ్మొద్దు. పాత కార్లలో ఎవరో ఎప్పుడో నల్ల వైరే రెండు వైపులా వేసి ఉండొచ్చు. డబ్బా మీద అచ్చుపోసిన ప్లస్ గుర్తు చూడండి. ఇక్కడి బ్యాటరీల్లో ప్లస్ పోస్ట్ మైనస్ కంటే కాస్త లావుగా కూడా ఉంటుంది. ఎర్ర క్లిప్పును ముందు ప్లస్‌కు పెట్టి, అటూ ఇటూ ఆడించి పళ్లు లోహంలో దిగాయో లేదో చూడండి. తెల్లని, నీలిరంగు పొడి పేరుకుని ఉంటే ముందు దాన్ని శుభ్రం చేయాలి. నల్ల క్లిప్పును బ్యాటరీ మైనస్‌కు కాకుండా, బ్యాటరీకి దూరంగా ఇంజిన్ బ్లాక్‌కో బాడీకి బిగించిన రంగులేని లావాటి బోల్టుకో పెట్టండి. పెట్రోలు పైపు, పల్చటి రేకు, ఫ్యాన్, బెల్టు దగ్గర వద్దు. ఆఖరున గోడలో ప్లగ్ పెట్టండి.

నల్ల క్లిప్పు దూరంగా ఎందుకంటే, రవ్వ వచ్చేది రెండో క్లిప్పు తగిలించేచోటే. ఆ రవ్వ హైడ్రోజన్ లేనిచోట పడాలి. ఇంకో కారణం కూడా ఉంది. కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉండి, లోపలికి వచ్చిన ఛార్జ్‌ను లెక్కపెడుతుంది. మైనస్ పోస్ట్‌కే క్లిప్ పెడితే ఆ ఛార్జ్ సెన్సర్ లెక్కలోకి రాదు. తీసేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు గోడ ప్లగ్, తరువాత నల్ల క్లిప్, చివర్లో ఎర్ర క్లిప్.

డిక్కీలోనో సీటు కిందో బ్యాటరీ ఉండే కార్లకు చాలావాటిలో బానెట్ కింద ప్లస్, గ్రౌండ్ పాయింట్లు విడిగా ఇస్తారు. ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. హైబ్రిడ్‌లో నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లకండి. అది హై వోల్టేజ్, మన పని 12 వోల్టుల చిన్న బ్యాటరీ వరకే.

ఎక్స్‌టెన్షన్ వైరు బయట వాడకానికని రాసి ఉన్న మూడు పిన్నులదే తీసుకోండి, 15 మీటర్ల వైరుకు 14 గేజ్ మంచిది. ఇంట్లో వాడే వైర్ల తొడుగు చలికి బిరుసెక్కి పగులుతుంది. రెండు పిన్నుల సాకెట్‌లో పట్టడానికని మూడో పిన్ను విరిచేయొద్దు. వైరు బానెట్ కింద నలగకుండా చూసుకోండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉండే ప్లగ్ పాయింట్లు బ్లాక్ హీటర్ల కోసం పెట్టినవి. కొన్నిచోట్ల ఆదా కోసం వాటిలో కరెంటు వచ్చి పోతూ ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని ఛార్జర్లు పని మళ్లీ మొదలుపెట్టకుండా ఊరికే ఆగిపోతాయి. ముందే మేనేజర్‌ను అడగండి.

మొదటి గంటలో ఒకటి రెండుసార్లు వెళ్లి చూడండి. డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కుళ్లిన గుడ్ల వాసన వచ్చినా, బుసబుసమని శబ్దం వచ్చినా గోడ దగ్గరే ప్లగ్ పీకి తలుపు తీసి దూరంగా ఉండండి. క్లిప్పులు వెంటనే లాగొద్దు. ఆసిడ్ కింద పడితే ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పోసి, నురగ ఆగాక కడగండి. ఒంటి మీద పడితే ధారగా నీళ్లు పోయండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూ 911కు ఫోన్ చేయించండి.

ప్లగ్ పాయింట్ అందకపోతే బ్యాటరీ విప్పి తెచ్చుకోవచ్చు. చాలా కార్లకు 10 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది. ముందు మైనస్ విప్పండి. అప్పుడు ప్లస్ విప్పుతుండగా పానా బాడీకి తగిలినా షార్ట్ అవ్వదు. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. బరువు 15 నుంచి 20 కిలోలు ఉంటుంది, నిటారుగానే మోయాలి. లోపల ప్లాస్టిక్ ట్రేలో, గాలి ఆడేచోట ఉంచండి. పడకగదిలో, ఫర్నేస్ దగ్గర, గ్యాస్ స్టవ్ దగ్గర వద్దు.

ఛార్జ్ అయ్యాక కొన్ని గంటలు వదిలేసి మల్టీమీటర్‌తో చూడండి. 12.6 వోల్టులు వస్తే నిండినట్టు, 12.2 అంటే సగం, 12 అంటే దాదాపు పావు. రాత్రి 12.6 ఉన్నది పొద్దున 12.2కు పడితే, బ్యాటరీని కారు నుంచి విడదీసి మళ్లీ కొలవండి. విడదీసినా పడిపోతుంటే బ్యాటరీ అయిపోయింది. విడదీసినప్పుడు నిలబడితే కారులో ఏదో కరెంటు తాగుతోంది, ముందు డ్యాష్‌క్యామ్‌ను అనుమానించండి. స్టార్ట్ అయ్యాక టెర్మినళ్ల దగ్గర మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్య కనిపించాలి. కనిపించకపోతే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను చూపించుకోవాలి. కొత్త బ్యాటరీ కొన్నప్పుడు పాతది తిరిగిస్తే కోర్ డిపాజిట్ (పాత బ్యాటరీ కోసం కట్టించుకునే సొమ్ము) వెనక్కి ఇస్తారు. పారేయకండి.

సంక్రాంతికి నెల రోజులు ఇంటికి వెళ్తున్నవాళ్లు బయలుదేరే ముందురోజే బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేయండి. నిండుగా ఉంటేనే గడ్డకట్టకుండా నిలుస్తుంది. గరాజ్ ఉంటే నిండాక తనంతట తానే తగ్గిపోయే మెయింటైనర్‌ను తగిలించి వెళ్లొచ్చు. లేదంటే మైనస్ విప్పి, ఆ కేబుల్ కొసకు గుడ్డ చుట్టి టెర్మినల్‌కు దూరంగా కట్టేయండి. విప్పితే రేడియో సెట్టింగులు, గడియారం పోతాయి, కొన్ని కార్లలో పవర్ విండోలను మళ్లీ సెట్ చేయాలి. రిమోట్ కూడా పనిచేయదు. కాబట్టి కీఫాబ్‌లో దాచి ఉండే లోహపు తాళంతో డ్రైవర్ తలుపు తెరుచుకుంటుందో లేదో విప్పే ముందే చూసుకోండి. డిక్కీ బటన్‌తో మాత్రమే తెరుచుకునే కారైతే పానా డిక్కీలో పెట్టి మూయకండి.