పిల్లలతో తమాలెలు చుట్టే ముందు

మెక్సికోలో ఫిబ్రవరి 2న, కాండెలారియా అనే క్రైస్తవ పండుగకి తమాలెలు (మొక్కజొన్న పిండిలో కూర పెట్టి, ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి) తప్పనిసరి. చిన్నపిల్లల్ని కూడా కూర్చోబెడుతుంటే ముందు ఇవి చూసుకోండి.

• ఆవిరి గిన్నె మూత పెద్దలే తీయాలి, పిల్లల్ని దూరంగా ఉంచి. గంటకు పైగా ఉడికాక ఆవిరి ఒక్కసారిగా ముఖానికి కొడుతుంది. దించాక పావుగంట ఆగండి, పైన చల్లబడినా లోపలి కూర కాలుతూనే ఉంటుంది.

• గిన్నె అడుగున శుభ్రంగా కడిగిన నాణెం వేయండి. నీళ్లు మరుగుతున్నంతసేపు గలగలమంటుంది, చప్పుడు ఆగితే నీళ్లు అయిపోయినట్టే. ఆ చప్పుడు వినే పని పిల్లలకే ఇవ్వండి, ఎంత ఇష్టంగా చేస్తారో!

• మిర్చి ముద్ద ముట్టుకోనివ్వద్దు, ఆ చేతులే కళ్లలోకి వెళ్తాయి. నానిన మొక్కజొన్న పొత్తు ఆకు మీద పిండి పూయడం వాళ్లకు చాలు.

• ఆకు ఒలిచి పెట్టండి, అది తినేది కాదు.

• మొదటి రుచికి ఎండుద్రాక్ష వేసిన తీపి తమాలె మంచిది.

• పిండిలో పంది కొవ్వు కలపడం అక్కడి ఆనవాయితీ. తినని ఇళ్లవాళ్లు ముందే అడగండి.