చేసిన తప్పే మళ్లీ చేసే ఏజెంట్‌కి మెమరీ పెట్టడం ఎలా

పోయిన నెల ఒక చిన్న పని, కస్టమర్ల లిస్టు సీఎస్వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ టేబుల్) తీసిమ్మని మా ఏజెంట్‌కి, అంటే చెప్పిన పనిని టూల్స్ వాడి తనే చేసే ఏఐ ప్రోగ్రామ్‌కి చెప్పా, పేర్లన్నీ తెలుగులో ఉంటాయి. తీసింది. ఎక్సెల్‌లో ఓపెన్ చేస్తే పేర్లున్న చోట అన్నీ పిచ్చి సింబల్స్. ఫైలు యూటీఎఫ్-8లోనే ఉంది (తెలుగు అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్), కానీ మొదట్లో బీఓఎం అనే 3 బైట్ల గుర్తు లేకపోయేసరికి ఎక్సెల్ దాన్ని వేరే ఎన్‌కోడింగ్ అనుకుంది. చెప్పా, సారీ చెప్పి మరీ సరిచేసింది. రెండ్రోజులాగి కొత్త సెషన్‌లో అడిగితే మళ్లీ అదే ఫైలు, అవే సింబల్స్.

దాని తప్పేం లేదు లెండి. మనం మాట్లాడినంత మాత్రాన ఏజెంట్ వెనకుండే ఏఐ మోడల్ లోపల ఏమీ మారదు, సెషన్ క్లోజ్ అయితే అంతా పోయినట్టే. అందుకే తప్పు నుంచి నేర్చుకున్న పాఠాన్ని బయట రాసి పెట్టుకుని, మళ్లీ ఆ పని వచ్చినప్పుడు కాంటెక్స్ట్‌లో, అంటే మోడల్ అప్పుడు చదివే టెక్స్ట్‌లో పెట్టాలి. మెమరీ టూల్ అంటే ఇంతే, పేర్లు ఎన్నున్నా.

మొదట డేటాబేస్ జోలికి వెళ్లొద్దు, ఒక టెక్స్ట్ ఫైలు చాలు. క్లాడ్ కోడ్ అనే కోడింగ్ ఏజెంట్ వాడేవాళ్లకి క్లాడ్.ఎండీ ఫైలు తెలిసే ఉంటుంది, సెషన్ మొదలవగానే చదువుకుంటుంది. ఇరవై ముప్పై పాఠాల దాకా దీంతో నడిచిపోద్ది. ఫైలు చాంతాడంత అయ్యాక మాత్రం కష్టం, పొడుగాటి కాంటెక్స్ట్ మధ్యలో ఉన్న విషయాన్ని మోడల్స్ సరిగ్గా పట్టుకోలేవని 2023లోనే పరీక్షించి చూపించారు. అప్పుడు ఎస్‌క్యూలైట్‌లో (ఒక్క ఫైలులో ఇమిడిపోయే చిన్న డేటాబేస్) ఒక టేబుల్ పెట్టుకోండి. నాలుగు కాలమ్స్: ఏ పని చేసేటప్పుడు, ఏం తప్పు జరిగింది, ఏం చెయ్యాలి, సరైందని ఎలా తెలిసింది.

అసలు కష్టమంతా పాఠం రాయడంలోనే ఉంది. మా ఏజెంట్‌ని రాసుకోమంటే "ఎన్‌కోడింగ్ విషయంలో జాగ్రత్తగా ఉండాలి" అని రాసుకుంది, అది రాసినా ఒకటే రాయకపోయినా ఒకటే. నేను మార్చింది ఇదీ: "తెలుగు డేటాని ఎక్సెల్ కోసం సీఎస్వీగా రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ పెట్టు, రాశాక మొదటి 3 బైట్లు చూసుకో." (యూటీఎఫ్-8-సిగ్ అంటే పైథాన్‌లో బీఓఎం ఉన్న యూటీఎఫ్-8 పేరు.) ఇంకోటి, తప్పు అని బయటి నుంచి తేలితేనే రాయనివ్వండి, అంటే టెస్ట్ ఫెయిలవడమో మనిషి చెప్పడమో. 2023లో వచ్చిన రిఫ్లెక్షన్ పేపర్‌లో ఏజెంట్ తన తప్పు మీద తనే నోట్ రాసుకుని మళ్లీ ట్రై చేస్తే హ్యూమన్‌ఎవాల్ కోడింగ్ పరీక్షలో 91 శాతం వచ్చింది, అప్పటి జీపీటీ-4 ఒక్కటే చేస్తే 80. కానీ అక్కడ కోడ్ రన్ చేసి చూసుకునే టెస్టులున్నాయి. అవేవీ లేకుండా ఊరికే ఆలోచించుకోమంటే ఏదో కారణం ఊహించి అదే నిజమని దాచేసుకుంటది.

ఇక వెతకడం. ఎర్రర్ కోడ్‌లు, ఫైలు పేర్లకి కీవర్డ్ సెర్చ్, భావం కోసం ఎంబెడింగ్స్ (అర్థం దగ్గరగా ఉన్నవాటిని పట్టుకునేలా వాక్యాన్ని అంకెలుగా మార్చడం), రెండూ కలిపి వాడితే మేలు. పాఠాలు తెలుగులో రాస్తే ఒక చిక్కుంది, ఫైలులో, ఫైలుకి, ఫైలుని అన్నీ వేర్వేరు మాటలనుకుంటుంది కీవర్డ్ సెర్చ్. ఎస్‌క్యూలైట్‌లో టెక్స్ట్ వెతికే భాగం ఎఫ్‌టీఎస్5లో ట్రైగ్రామ్ టోకెనైజర్ పెట్టండి, మాటల్ని మూడేసి క్యారెక్టర్ల ముక్కలుగా చూస్తుంది (గుణింతం గుర్తు కూడా ఒక క్యారెక్టరే) కాబట్టి "ఫైలు" అని మూల మాటతో వెతికితే చాలావరకు దొరుకుతాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 25 మంది ఏజెంట్లతో ఒక ఊరు నడిపినప్పుడు జ్ఞాపకాలని ఎంత కొత్తవి, ఎంత ముఖ్యం, ఎంత సంబంధం అని మూడు లెక్కలతో తీశారు. తప్పుల విషయంలో కొత్తదనం లెక్క నాకు నచ్చదు, ఏడాది కిందటి తప్పు కూడా ఇవాళ అలాగే కొంప ముంచుతుంది.

ఎప్పుడు గుర్తు చెయ్యాలన్నది ఏజెంట్ ఇష్టానికి వదలొద్దు. నేను మొదట "అవసరమైతే మెమరీ చూసుకో" అని టూల్ ఇచ్చా, ఫైలు పాడయ్యాక వెళ్లి చూసుకుంది, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. ఇప్పుడు ఫైలు రాసే టూల్‌ని పిలిచే ముందే మన కోడే టేబుల్‌లో వెతికి, దగ్గరగా ఉన్న 3 పాఠాలు ముందు పెడుతుంది. మూడు చాలు, పది పెడితే ఏదీ పట్టించుకోదు.

పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల వివరాలు పాఠాల్లోకి రానివ్వకండి. వెబ్ పేజీల్లో చదివింది కూడా నేరుగా మెమరీలోకి పోకూడదు, ఎవడో రాసిన తప్పుడు ఆర్డర్ పాఠమై కూర్చుంటది.

అంతా అయ్యాక పాత పనినే కొత్త సెషన్‌లో, మెమరీ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చేయించి చూడండి. నేనూ చేయించా, ఎక్సెల్‌లో పేర్లు చక్కగా వచ్చాయి. మర్నాడు మా పైథాన్ స్క్రిప్ట్ కోసం తీసిన సీఎస్వీకి కూడా బీఓఎం తగిలించింది, ఆ గుర్తు మొదటి కాలమ్ పేరుకి అతుక్కునేసరికి స్క్రిప్టేమో ఆ పేరు దొరకట్లేదని ఆగిపోయింది. అందుకని ఇప్పుడు టేబుల్‌లో ఐదో కాలమ్ ఉంది: ఎప్పుడు వాడకూడదు.