మిగిలిన అన్నాన్ని మర్నాటికి ఎలా దాచుకోవాలి?

వెడల్పాటి తాంబాళం, లోతు తక్కువగా ఉండి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు, తడి లేని గరిటె ఉంటే చాలు. ఆహారం దాచేందుకు తగినవైతే, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలైనా పనికొస్తాయి. అన్నం ఎప్పటిలాగే వండుకోవచ్చు. మిగులుతుందనిపించిన భాగాన్ని మాత్రం వడ్డనకు ముందే, ఎంగిలి తగలకుండా విడిగా తీసిపెట్టాలి.

చిక్కంతా చల్లార్చడంలోనే ఉంది. ఎవరింట చూసినా తప్పు జరిగేది అక్కడే. బియ్యంలో సహజంగానే ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు (వేడిని తట్టుకునే, విత్తనాల్లాంటి రూపాలు) అన్నం ఉడికినంత మాత్రాన చావవు. అన్నం 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉన్నంతసేపు అవి పెరగలేవు, 5 డిగ్రీలకు దిగువన దాదాపు నిద్రాణంగా ఉంటాయి. ఈ రెంటి నడుమ, గోరువెచ్చగా ఉన్న అన్నంలో మొలకెత్తి, త్వరత్వరగా పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని వదులుతాయి. ఆ విషం 121 డిగ్రీల వేడికి కూడా నశించదు కనుక, పొద్దున్నే పొగలు కక్కేలా వేడి చేశామన్న సమాధానం చెల్లదు. వాసన చూసి తేల్చుకుంటామనడమూ కుదరదు. రంగు, రుచి మారకుండానే అన్నం విషపూరితం కావచ్చు.

స్టవ్ ఆపాక కుక్కర్‌ను మూతతో అలాగే వదిలేస్తే, అంచుల దగ్గర చల్లారినా నడుమనున్న ముద్ద గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. అందుకే అన్నాన్ని తాంబాళంలో రెండంగుళాల మందానికి మించకుండా పరిచి, గడ్డలు విడదీసి, పలచని గుడ్డ కప్పి ఫ్యాను కింద ఉంచి, నడుమనడుమ అడుగు పైకి వచ్చేలా తిరగేయాలి. మే నెల ఎండల్లో ఫ్యాను గాలి కూడా వేడిగానే వస్తుంది కనుక, తాంబాళాన్ని ఐసు నీళ్ల బేసిన్‌లో నిలపాలి. తాంబాళం అడుగున అరచెయ్యి ఆనించి చూసినప్పుడు వేడి తగలకపోతే, వెంటనే డబ్బాలకెత్తి ఫ్రిజ్‌లో పెట్టాలి. స్టవ్ ఆపినప్పటి నుంచి ఇదంతా రెండు గంటల్లోపు ముగియాలి. వెచ్చదనం కాస్త మిగిలి ఉన్నా ఫరవాలేదు. పూర్తిగా చల్లారాలని రాత్రంతా గట్టు మీద ఉంచడమే అసలు ప్రమాదం.

పూర్వం చద్దన్నం తిన్నవారికి ఏమైందని అడుగుతారు. మజ్జిగతో తోడుపెట్టిన అన్నంలో ఏర్పడే పులుపు ఈ బ్యాక్టీరియాను అణచిపెడుతుంది. తపేలాలో పొడిగా వదిలేసిన అన్నానికి ఆ రక్ష లేదు. 1970ల తొలినాళ్లలో బ్రిటన్‌లో ఈ జబ్బును గుర్తించింది చైనీస్ హోటళ్ల ఫ్రైడ్ రైస్‌లోనే. అక్కడ ముందే వండి బయట ఉంచిన అన్నాన్ని తర్వాత వేయించేవారు. మనం రాత్రి అన్నానికి పొద్దున పోపు పెట్టడమూ అదే పద్ధతి.

మర్నాడు తినేంత మాత్రమే తీసి, నీళ్లు చిలకరించి, మధ్యలోనూ ఆవిరి వచ్చేదాకా వేడి చేయాలి. ఒకసారి వేడి చేసినది మిగిలితే పారేయాలి.