డేటాబేస్‌లో తేదీలు, 4వ పాఠం: 31వ తారీఖు అమ్మకాలు ఎటు పోయాయి?

తేదీని టెక్స్ట్ కాలమ్‌లో పెడితే ఏమవుతుందో పోయిన పాఠంలో చూశాం. కాలమ్ రకం సరిగ్గానే ఉన్నా లెక్క తప్పే చోటు ఒకటుంది. ఈసారి దాని సంగతి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాల కేంద్రం బిల్లింగ్ నేనే చూసేవాణ్ణి. నెలాఖరు రిపోర్టుకీ గల్లాపెట్టెకీ పొంతన కుదిరేది కాదు. ఓనర్ కౌంటర్‌లో కుర్రాళ్లను అనుమానించాడు. తప్పు నా క్వెరీది, అంటే డేటాబేస్‌ని నేను అడిగిన ప్రశ్నది. మార్చి లెక్క కోసం నేను రాసింది ఇదీ: బిల్లు సమయం బిట్వీన్ '2024-03-01' అండ్ '2024-03-31'.

చదవడానికి బాగానే ఉంది కదా? కానీ గంటలు రాయకపోతే డేటాబేస్ 00:00:00 అనుకుంటుంది. అంటే 31వ తారీఖు మొదలైన ఆ ఒక్క క్షణం దగ్గరే లెక్క ఆగిపోతుంది. నమ్మకం కుదరకపోతే 31వ తారీఖున 00:00:00కి ఒక వరుస, 00:00:01కి ఇంకో వరుస ఎక్కించి చూడండి. మొదటిది వస్తుంది, రెండోది రాదు.

చివర 23:59:59 తగిలిస్తే సరిపోతుందని చాలామంది అంటారు. నేనూ అదే చేశాను. సెకనులో భాగాలు కూడా దాచే కాలమ్ అయితే 23:59:59.400కి పడ్డ బిల్లు జారిపోతుంది. పోనీ .999 పెడదామా? ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) పాత డేట్‌టైమ్ రకం దాన్ని మర్నాటి 00:00కి రౌండ్ చేస్తుంది, ఏప్రిల్ బిల్లు మార్చిలోకి దూరుతుంది. అందుకే '2024-03-01' కంటే ఎక్కువ లేదా సమానం, '2024-04-01' కంటే తక్కువ అని రాయండి. ఫిబ్రవరికి 28 రోజులా 29 రోజులా అనే టెన్షన్ కూడా ఉండదు. కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో చుట్టి పోల్చవద్దు, మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) చాలాసార్లు పనికిరాకుండా పోతుంది.

ఇంత చేశాక కూడా నాకు కొద్దిపాటి తేడా మిగిలింది. పాల కేంద్రం తెల్లవారకముందే తెరుస్తారు, సర్వర్ గడియారమేమో యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మన టైమ్ దానికంటే 5:30 గంటలు ముందు. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 4:45కి వేసిన బిల్లు, డేటాబేస్‌లో మార్చి 31, 23:15గా కూర్చుంది. అలాగే మార్చి 1 తెల్లవారుజామువి ఫిబ్రవరికి పోయాయి. కొన్ని వచ్చి కొన్ని పోవడంతో తేడా చిన్నదిగా కనబడి, ఇన్నాళ్లూ ఎవరికీ దొరకలేదు.

మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే ఇలా పట్టుకోండి. సెషన్ (డేటాబేస్‌తో మీ ప్రస్తుత కనెక్షన్) టైమ్ జోన్‌ని '+00:00' చేసి ఒక వరుస చూడండి, తర్వాత '+05:30' చేసి అదే వరుస మళ్లీ చూడండి. సమయం మారితే అది టైమ్‌స్టాంప్ కాలమ్, లోపల యూటీసీలో ఉంటుంది. రిపోర్టు నడిపే సెషన్‌కి '+05:30' పెడితే చాలు. మారకపోతే డేట్‌టైమ్, ఎలా రాశారో అలాగే ఉంటుంది. అందులో ఉన్నది యూటీసీ అయితే హద్దులే జరపాలి: మార్చి నెల '2024-02-29 18:30:00' నుంచి '2024-03-31 18:30:00' లోపు.

ఇంటిపని: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టైమ్ జోన్ న్యూయార్క్‌ది పెట్టి, '2024-03-10 02:30' అనే సమయాన్ని టైమ్ జోన్ ఉన్న టైమ్‌స్టాంప్‌గా ఎక్కించండి. తిరిగి ఎంత చూపించిందో రాసిపెట్టుకోండి. 5వ పాఠం అక్కడినుంచే.