కారు వెనక సీటుకు స్క్రీన్లు: విశాఖ ఉప్పుగాలికి కూడా నిలిచేలా బిగించుకోవడం

హెడ్‌రెస్టుకు స్క్రీన్ తగిలించడం పది నిమిషాల పని. దానికి కరెంటు తెచ్చే తీగను ఫ్యూజు బాక్సు నుంచి సీటు వెనక దాకా పద్ధతిగా లాగడానికి మాత్రం సగం రోజు పడుతుంది. కొన్ని నెలలకే ఆగి ఆగి వెలిగే స్క్రీన్‌ను విప్పి చూడండి, చాలామటుకు తప్పు స్క్రీన్‌ది కాదు. ఏదో ఒక జాయింటు చిలుము పట్టి ఉంటుంది, లేకపోతే సీటు పట్టాల మధ్య తీగ నలిగి ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న విశాఖలో రాగికి చిలుము, ఇనుముకు తుప్పు త్వరగా పడతాయి. అందుకే ఇక్కడ స్క్రీన్ గురించి కొంచెం, తీగ గురించి ఎక్కువ చెప్పుకోవాలి.

కొనే ముందు

మొదట మీ కారు ముందు సీట్లు చూడండి. హెడ్‌రెస్టు రెండు కడ్డీల మీద పైకీ కిందికీ కదిలేదైతేనే క్లాంపు రకం స్క్రీన్ పడుతుంది. కొన్ని చిన్న కార్లలో తలదిండు సీటులోనే కలిసిపోయి ఉంటుంది. వాటికి సీటు వీపుకు పట్టీలతో కట్టే ట్యాబ్లెట్ హోల్డరే దారి. కడ్డీలుంటే హెడ్‌రెస్టును కాస్త పైకి లాగి, కడ్డీ మందం, రెండు కడ్డీల మధ్య దూరం కొలిచి కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి. మందం ఎక్కువ కార్లలో 10 నుంచి 14 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. క్లాంపుతో వచ్చే బుష్షులు ఆ కొలతకు బిగుతుగా పట్టాలి. లూజు బుష్షుతో బిగిస్తే మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే టకటక మొదలవుతుంది.

వెనక కూర్చున్నవాళ్ల కళ్లకూ స్క్రీన్‌కూ మధ్య దూరం 60–70 సెంటీమీటర్లకు మించదు. అంత దగ్గరకు 10.1 అంగుళాలు చాలు. షాపులో 12 అంగుళాలకు పైబడినవి ముచ్చటగా కనిపిస్తాయి కానీ, హ్యాచ్‌బ్యాక్‌లో అవి బరువు, ఎక్కి దిగేటప్పుడు తలకు తగులుతాయి కూడా. అంచులు గుండ్రంగా ఉన్నవీ, హెడ్‌రెస్టుకు అతుక్కున్నట్టు ఉండేవీ తీసుకోండి. రెండు సీట్ల మధ్యకు పొడుగు చేయిలా వచ్చే స్టాండు వద్దే వద్దు. గట్టిగా బ్రేకు వేస్తే పిల్లల ముఖానికి ఎదురొచ్చేది అదే. పైగా బొమ్మ డ్రైవరు కంటికి కూడా పడుతుంది.

స్క్రీన్ లోపల లిథియం బ్యాటరీ ఉండకూడదు, 12 వోల్టులతో నేరుగా నడవాలి. మే నెలలో బీచ్ రోడ్డు పక్కన ఎండలో అద్దాలు మూసి ఆపిన కారు లోపల వేడి లిథియం బ్యాటరీ తట్టుకునేది కాదు, ఉబ్బిపోతుంది. నొక్కితే ఊడి వచ్చే క్విక్ రిలీజు ఉంటే ఇంకా మంచిది, ఎండలో కారు ఆపి వెళ్లేటప్పుడు స్క్రీన్ తీసి సంచిలో వేసుకోవచ్చు.

ఆండ్రాయిడ్ స్క్రీన్ అయితే షాపులోనే డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ పెట్టించి, వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా కాపాడే తాళం) దగ్గర ఎల్1 అని ఉందో, ఎల్3 అని ఉందో చూడండి. ఎల్3 అయితే స్క్రీన్ ఎంత మంచిదైనా నెట్‌ఫ్లిక్స్ లాంటివి మసక బొమ్మే ఇస్తాయి. చౌక రకాల్లో ఎక్కువగా కనిపించేది ఎల్3. పెన్‌డ్రైవుతోనే సినిమాలు చూస్తామంటే దీంతో పనిలేదు. కాకపోతే పెన్‌డ్రైవు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌ను ఈ స్క్రీన్ చదువుతుందో లేదో అక్కడే పెట్టి చూసుకోండి.

సామాను

10 అంగుళాల స్క్రీన్ ఒక్కోటి దాదాపు 1 నుంచి 1.5 ఆంపియర్లు లాగుతుంది, వెనక లేబుల్ మీద రాసి ఉంటుంది. రెండింటికీ కలిపి 3 ఆంపియర్లు అనుకుంటే 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. తీగ 1.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు, ఎరుపు 6 మీటర్లు, నలుపు 4 మీటర్లు. అంత లావెందుకు అంటారేమో. 5 మీటర్ల పొడవున 3 ఆంపియర్లు పారితే 0.5 తీగ ప్లస్ వైపే అర వోల్టు మింగేస్తుంది, 1.5 తీగ 0.2 వోల్టు కూడా మింగదు. పడవల వైరింగుకు వాడే తగరం పూత రాగి తీగ దొరికితే మరో ఆలోచన లేకుండా అదే తీసుకోండి, చిలుముకు అంతకు మించిన మందు లేదు.

ఇవి కాక ఫ్యూజు ట్యాపు (పాత ఫ్యూజు స్లాటులో గుచ్చి, వేరే ఫ్యూజుతో కొత్త తీగకు కరెంటు తీసుకునే ముక్క) ఒకటి, రింగు టెర్మినళ్లు, రెండు పిన్నుల కనెక్టర్లు రెండు జతలు, లోపల జిగురుండి, వేడి చేస్తే ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవు, 7 మిల్లీమీటర్ల గాడుల గొట్టం 3 మీటర్లు, గుడ్డ టేపు ఒక చుట్ట, నైలాన్ ట్యాగులు. పనిముట్లకు 10 నంబరు స్పానరు, అలెన్ కీలు, టెర్మినళ్లను తీగకు నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయరు, మల్టీమీటరు, ట్రిమ్ము (కారు లోపలి ప్లాస్టిక్ మూతలు) ఊడదీసే ప్లాస్టిక్ పట్టీలు. స్క్రూడ్రైవరుతో ట్రిమ్ము లేపితే గీత పడుతుంది, క్లిప్పు కూడా విరుగుతుంది. ఫ్యూజు ట్యాపుల్లో మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో2 అని రకాలున్నాయి. ఒకదానిలో పట్టేది ఇంకోదానిలో పట్టదు కాబట్టి మీ కారు ఫ్యూజు ఒకటి పీకి జేబులో వేసుకుని వెళ్లండి.

తీగను కోయకుండా పక్కనే నొక్కి కలిపే నీలం రంగు క్లిప్పులు షాపులో చేతిలో పెడతారు. తీసుకోవద్దు. వాటి లోపలి రేకు తీగ పోగుల్ని కొన్నింటిని తెంపుతుంది, తెగిన చోటికి ఉప్పుగాలి చేరుతుంది. మనలాంటి ఊళ్లో జాయింట్లు పాడవడానికి ఇదే పెద్ద కారణం.

కరెంటు ఎక్కడి నుంచి

బ్యాటరీ విప్పకముందే చేయాల్సిన పని ఇది. డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజు బాక్సు మూత వెనక, లేదా కారు పుస్తకంలో పటం ఉంటుంది. ఫోను ఛార్జింగు 12 వోల్టుల సాకెట్ ఫ్యూజు వెతకండి. అది ఎక్కువ కార్లలో 15 ఆంపియర్లది. మల్టీమీటరు నల్ల మొనను బాడీకి, ఎర్ర మొనను ఫ్యూజుకు ఆనించి చూడాలి. తాళం తీసి ఉంటే సున్నా, ఏసీసీకి (ఇంజను వేయకుండా పాటలు, సాకెట్ పనిచేసే తాళం స్థానం) తిప్పితే 12 రావాలి. తాళం తీసినా 12 చూపిస్తే ఆ స్లాటు వద్దు. కారు ఆపి ఉంచినప్పుడు కూడా ఒక స్క్రీన్ 50 మిల్లీఆంపియర్లు లాగిందనుకోండి, రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు పోతాయి. రెండు స్క్రీన్లతో పది రోజులు ఊరెళ్లి వస్తే 24. చిన్న కారు బ్యాటరీ మొత్తమే 35, కాబట్టి తిరిగొచ్చాక సెల్ఫ్ అందుకోదు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, స్టీరింగు, ఈసీయూ అని రాసి ఉన్న స్లాట్ల జోలికి ఎట్టి పరిస్థితిలోనూ పోకండి.

ట్యాపును ఏ వైపు తిప్పి గుచ్చాలన్నది ఆటో ఎలక్ట్రీషియన్లు కూడా తప్పు చేసే చోటు. స్లాటులోని ఫ్యూజు పీకి, తాళం ఏసీసీలో పెట్టి రెండు గాడుల్నీ కొలవండి. 12 చూపించేది కరెంటు వచ్చే వైపు. ఇప్పుడు ట్యాపును చేతిలోకి తీసుకుని, కొత్త 5 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే దానికి పెట్టి, ట్యాపు తీగకూ రెండు కాళ్లకూ మధ్య కంటిన్యుటీ (దారి కలిసి ఉంటే మీటరు మోగే పరీక్ష) చూడండి. ఏ కాలు పెట్టినప్పుడు మీటరు మోగుతుందో ఆ కాలు కరెంటు వచ్చే గాడిలోకి వెళ్లాలి. తిరగేసి గుచ్చినా స్క్రీన్ వెలుగుతుంది కనుక తప్పు కనబడదు. కానీ స్క్రీన్ల కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది. సాకెట్‌లో ఏ టైరు గాలి పంపో పెట్టిన రోజున అది కొట్టేస్తుంది.

తీగ లాగడం

తాళం తీసి, బ్యాటరీ మైనస్ టెర్మినలు విప్పి పక్కకు జరిపి, కనీసం మూడు నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగు పెట్టెలో నిలవ ఉన్న కరెంటు దిగడానికి ఆ సమయం కావాలి. పని నడుస్తున్నంతసేపూ పసుపు రంగు తీగ, పసుపు కనెక్టరు ఏది కనిపించినా అది ఎయిర్‌బ్యాగుది. సీటు కిందా ఉంటాయి. వాటిని ఊడదీయకూడదు, మన తీగను వాటికి కట్టకూడదు. ఊడదీసి ఉండగా తాళం ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగు లైటు వెలుగుతుంది, మళ్లీ పెట్టినా చాలా కార్లలో స్కానరు లేకుండా ఆరదు.

ఫ్యూజు బాక్సు నుంచి తీగను కిందికి దించేటప్పుడు పెడళ్లకు దూరంగా, పైన ఉన్న కంపెనీ తీగల కట్టకు ట్యాగుతో బిగించాలి. ఊడి బ్రేకు పెడలు కింద పడే అవకాశం ఉన్న తీగ కారులో ఒక్క రోజు కూడా ఉండకూడదు. అక్కడి నుంచి తలుపు గడప ట్రిమ్ము లేపి, కంపెనీ తీగలు పోయే గాడిలోనే పక్కన పడుకోబెట్టి, ముందు సీటు మధ్య దాకా రండి. అక్కడ కార్పెట్ కిందికి తిప్పండి. రెండో సీటుకు వెళ్లే కొమ్మ గేరు కన్సోలు వెనక భాగంలో కార్పెట్ కింద దాటుతుంది. కార్పెట్ మీదుగా వేసి పైన మ్యాటు కప్పితే వెనకవాళ్ల చెప్పుల్లోని ఇసుకే దాన్ని కోసేస్తుంది. పైకప్పు వైపు, కిటికీ స్తంభాల్లోంచి లాగొద్దు, కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉండేది అక్కడే.

కార్పెట్ నుంచి సీటులోకి ఎక్కే చోట తీగకు గాడుల గొట్టం తొడగండి. సీటును పూర్తిగా ముందుకు జరిపి, ఆ దూరానికి ఇంకో 15 సెంటీమీటర్లు కలిపి వదులు ఉంచండి. తర్వాత సీటును వెనక్కీ ముందుకూ జరిపి, ఎత్తు మార్చి, వీపు వాల్చి చూడండి. ఏ స్థితిలోనూ తీగ బిగుసుకోకూడదు, పట్టా మధ్యకు రాకూడదు.

సీటు వీపు కవరు అడుగున జిప్పు గానీ, ఒకదానిలో ఒకటి ఇరుక్కునే ప్లాస్టిక్ పట్టీ గానీ ఉంటుంది. దాన్ని విప్పి, గట్టి జీఐ తీగ కొన మడిచి, ఫోముకూ వెనక కవరుకూ మధ్యగా హెడ్‌రెస్టు కడ్డీ వైపు పైకి నెట్టండి. కొన బయటికి రాగానే స్క్రీన్ నుంచి వచ్చే తీగను దానికి టేపుతో చుట్టి కిందికి లాగి, రెండు పిన్నుల కనెక్టరుతో మన తీగకు కలపాలి. వీపు బయటి పక్కన ఎయిర్‌బ్యాగు చీటీ కుట్టి ఉంటే ఆ అంచుకు దూరంగా, నడిమధ్యలోనే ఉండండి. అలాంటి సీట్లకు మందపాటి లెదరు కవరు వేసి ఆ పక్కను మూసేయడం కూడా ప్రమాదమే.

ఎర్త్

విశాఖలో ఈ పని నిలిచేదీ పోయేదీ ఎర్త్ దగ్గరే, అంటే నల్ల తీగను కారు బాడీకి బిగించే చోటే. సీటు బోల్టు, బెల్టు బోల్టు సులువుగా చేతికందుతాయి కనుక చాలామంది అక్కడే తగిలిస్తారు. అవి ప్రాణాలు కాపాడే బోల్టులు, వాటి కింద రింగు పెట్టి పట్టు తగ్గించకూడదు. డ్రైవరు కాళ్ల పక్క ట్రిమ్ము వెనక కంపెనీవాళ్లే ఇచ్చిన ఎర్త్ బోల్టు ఉంటుంది, అది వాడండి. కొత్త చోట పెయింటు గీకి స్క్రూ దించితే ఒక్క వానాకాలంలో చుట్టూ తుప్పు లేస్తుంది. రింగు టెర్మినలు క్రింపు చేశాక జిగురు స్లీవు వేసి వేడి చేయాలి, బోల్టు గట్టిగా బిగించాక పైన వాసలీన్ గానీ డైఎలక్ట్రిక్ గ్రీజు గానీ పూయాలి. బిగించకముందు కాదు. రెండు స్క్రీన్ల నల్ల తీగలూ ఈ ఒక్క బోల్టుకే రావాలి. వేర్వేరు చోట్ల ఎర్త్ ఇస్తే, స్క్రీన్ శబ్దాన్ని కారు స్పీకర్లకు తెచ్చే ఆక్స్ తీగ కలిపినప్పుడు ఇంజను వేగంతో పాటు పెరిగే సన్నని కూత వినిపిస్తుంది. అప్పటికీ కూత పోకపోతే ఆక్స్ తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటరు పెట్టాలి.

పరీక్ష

స్క్రీన్లు తగిలించి, బ్యాటరీ బిగించి, ఇంజను ఆన్ చేయండి. బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 మధ్య ఉంటుంది. రెండు స్క్రీన్లూ పూర్తి వెలుగులో నడుస్తుండగా స్క్రీన్ కనెక్టరు దగ్గర కొలిస్తే తేడా అర వోల్టు లోపు ఉండాలి. ఎర్త్ బోల్టుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.1 వోల్టు దాటితే ఆ బోల్టు విప్పి మళ్లీ శుభ్రం చేయండి. పావుగంట తర్వాత ఫ్యూజు ట్యాపును వేలితో తాకి చూడండి. వెచ్చగా ఉంటే గాడిలో అది వదులుగా ఉన్నట్టే.

సెల్ఫ్ కొట్టినప్పుడు స్క్రీన్ ఆరి మళ్లీ మొదలవడం జబ్బు కాదు. ఆ క్షణాన ఏసీసీ లైను ఆగుతుంది, బ్యాటరీ వోల్టేజీ కూడా పడిపోతుంది. ఇంజను వేశాకే స్క్రీన్ పెట్టుకుంటే సరిపోతుంది. బ్యాటరీ విప్పినందుకు గడియారం సరిచేసుకోవాల్సి వస్తుంది, కొన్ని కార్లలో అద్దాల ఆటో బటను కూడా మళ్లీ నేర్పాలి.

ఏడాదికొకసారి, వానలు వెళ్లాక, ఎర్త్ బోల్టు, కనెక్టర్లు తెరిచి పచ్చదనం ఉందేమో చూడండి. ఉంటే ఆ ముక్క కోసేసి కొత్త టెర్మినలు వేయాలి, గీకి మళ్లీ పెడితే నెలలోనే తిరిగి వస్తుంది.

ప్రయాణంలో

స్క్రీన్ బాగా కనబడాలని పిల్లలు ముందుకు జరిగి బెల్టు తీసేస్తారు. స్క్రీన్‌ను వాళ్ల కంటి ఎత్తుకు వంచితే ఆ అవసరం రాదు. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బీ కింద 1000 రూపాయల జరిమానా ఉంది. హెడ్‌ఫోన్లు శబ్దం 85 డెసిబెళ్లు దాటనివ్వని పిల్లల రకం కొనండి.

అరకు వెళ్లేటప్పుడు ఘాట్‌లో చాలా చోట్ల సిగ్నలు అందదు, కావాల్సినవి ఇంటి వైఫైలోనే దించుకోండి. అయితే ఎస్.కోట దాటి బొడ్డవర వచ్చాక స్క్రీన్లు ఆపేయడమే మంచిది. కన్ను కదలని స్క్రీన్ మీద ఉండి చెవి లోపలి భాగం మలుపుల్ని పసిగడుతుంటే, ఆ రెండింటికీ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది. అనంతగిరి ఎక్కేంతవరకు పిల్లల్ని కిటికీలోంచి దూరపు కొండలు చూడనివ్వండి, వాంతి సంచులు మాత్రం సీటు జేబులో ఉంచుకోండి.